పర్యాయపదాలలో రాజు

'రాజు' అనే పదానికి పర్యాయపదాలు వ్రాయమని పరీక్షలో అడిగితే విద్యార్థి తడుముకోకుండా నృపుడు, భూపతి, పార్థివుడు, ప్రభువు అని వ్రాస్తాడు. మార్కులు వస్తాయి. అంతటితో ఆ నాలుగు మాటలకూ అర్థం ఒక్కటేనన్న భావం అతని మనస్సులో స్థిరపడిపోతుంది. మార్కులకు లోటు లేకపోయినా భాషాజ్ఞానానికి లోటు అక్కడే మొదలవుతుంది. ఒకే మనిషిని తల్లి కొడుకంటుంది, భార్య భర్త అంటుంది, శిష్యుడు గురువంటాడు. మనిషి ఒక్కడే అయినా పిలిచేవారికి అతనితో గల సంబంధం వేరు. రాజును తెలిపే పదాలు కూడా అటువంటివే. పాలితులు పాలకుని నుండి ఏమి కోరుకున్నారో, పాలకుడు తనను గురించి తాను ఏమి చాటుకున్నాడో ఆ పదాలలో నిక్షిప్తమై ఉన్నది. రాజులు లేని ఈ కాలంలో వాటిని వల్లె వేయడం కంటే అర్థం తెలిసి చదవడం మరింత అవసరమని నా అభిప్రాయం.

ముందుగా 'రాజు' అనే మాటనే పరిశీలిద్దాం. ఇది సంస్కృతంలోని 'రాజన్' శబ్దం నుండి వచ్చినది. 'రాజ్' ధాతువుకు ప్రకాశించడమని అర్థం. కనుక తేజస్సుతో ప్రకాశించేవాడు రాజు అని ఒక వ్యుత్పత్తి. 'రంజ్' ధాతువును ఆశ్రయించి, ప్రజలను రంజింపజేసేవాడు రాజు అని మరొక నిర్వచనం. మహాభారతంలోని శాంతిపర్వం ఈ రెండవ అర్థాన్ని గ్రహించినది. కాళిదాసు రఘువంశం నాలుగవ సర్గలో, ఆహ్లాదం కలిగించి చంద్రుడు, తపింపజేసి సూర్యుడు తమ పేర్లను సార్థకం చేసుకున్నట్లే రఘువు ప్రజలను రంజింపజేసి రాజు అనే పేరును సార్థకం చేసుకున్నాడని వర్ణించాడు. ఆధునిక భాషాశాస్త్రజ్ఞులు మాత్రం ఈ శబ్దాన్ని లాటిన్ భాషలోని 'రెక్స్' శబ్దంతో పోల్చి, తిన్నగా నడిపించడమనే అర్థం గల ప్రాచీన ధాతువు నుండి ఆ రెండూ పుట్టినవని చెబుతారు. శాస్త్రదృష్టిలో రంజనానికీ రాజుకూ చుట్టరికం లేకపోవచ్చు. అయినా ఆ నిర్వచనం చేసినవారు ఊరక చేయలేదు. వ్యుత్పత్తి నెపంతో వారు రాజుకు ఒక విధిని నిర్దేశించారు. ప్రకాశించడానికి కిరీటం చాలు. రంజింపజేయడానికి పరిపాలన కావాలి.

రాజశబ్దానికి నానార్థాలు కూడా ఉన్నవి. చంద్రుడు, ఇంద్రుడు, యక్షుడు, క్షత్రియుడు అనేవి వాటిలో కొన్ని. రాజశేఖరుడంటే చంద్రుణ్ణి శిరస్సున ధరించిన శివుడు. మేఘసందేశంలో రాజరాజు అంటే కుబేరుడు. భారతకథ వినే తెలుగువారికి రారాజు అనగానే దుర్యోధనుడు స్ఫురిస్తాడు. సందర్భం తెలిస్తేనే పదం తెలిసినట్లు.

ఇక పర్యాయపదాలను వాటి అవయవార్థాన్ని బట్టి కొన్ని వర్గాలుగా విభజించవచ్చు. మొదటిది రక్షణార్థకం. 'నృ' అంటే నరుడు, 'ప' అంటే రక్షించేవాడు. నరులను రక్షించేవాడు నృపుడు. భూపుడు, భూపాలుడు, మహీపాలుడు అనే మాటలలోనూ రక్షణమే ప్రధానం. రెండవది ఆధిపత్యార్థకం. భూపతి, క్షితీశుడు, నరనాథుడు, నరేంద్రుడు ఈ వర్గానికి చెందినవి. వైయాకరణులు 'పతి' శబ్దాన్ని కూడా రక్షణార్థమైన ధాతువు నుండే సాధించారు కాని, వ్యవహారంలో దానికి యజమాని అన్న అర్థమే బలపడినది. మూడవది భారవహనార్థకం. భూభృత్తు అంటే భూమిని మోసేవాడు. ఈ మాటకు పర్వతమని కూడా అర్థమున్నది. రాజును పర్వతంతో సమానం చేసిన ఈ పదంలో స్తుతి ఉన్నది. దానితోపాటు బరువు కూడా ఉన్నది. నేలను మోయవలసినవాడు నేలకు బరువు కాకూడదు గదా!

ఈ వర్గాలకు చేరని మరొక మాట పార్థివుడు. పృథివికి ప్రభువు కనుక పార్థివుడు. భూమికి పృథివి అనే పేరు పృథుచక్రవర్తి వలన వచ్చినదని పురాణాలు చెబుతాయి. ప్రజలు ఆకలితో అలమటించినప్పుడు గోరూపం ధరించిన భూమి నుండి ఓషధులను పిదికి, ఎగుడుదిగుడు నేలను చదును చేసినవాడు పృథువు. ఇదే పదానికి మట్టితో చేసినదనే అర్థం కూడా ఉన్నది. అందుకే మట్టితో చేసిన లింగం పార్థివలింగం, ప్రాణం పోయిన శరీరం పార్థివదేహం. రాజును, శవాన్ని ఒకే విశేషణంతో పేర్కొనే భాష మనది. అధికారం ఎంతటిదైనా అది మట్టితో సంబంధం గలదేనని ఇంత క్లుప్తంగా చెప్పే మాట మరొకటి అరుదు.

నిఘంటుకారులు కూడా ఈ పదాలన్నింటినీ ఒక్క గాటన కట్టలేదు. అమరసింహుడు అమరకోశంలోని క్షత్రియవర్గంలో రాట్టు, పార్థివుడు, నృపుడు, భూపుడు మొదలైన సామాన్య నామాలను చెప్పిన తరువాత తారతమ్యాలను చూపించాడు. సామంతులందరి చేత నమస్కారాలు అందుకొనేవాడు అధీశ్వరుడు. భూమినంతటినీ ఏలేవాడు చక్రవర్తి, అతడే సార్వభౌముడు. తక్కిన రాజు మండలేశ్వరుడు. రాజసూయం చేసి, రాజమండలానికి అధిపతియై, తన ఆజ్ఞతో ఇతర రాజులను శాసించేవాడు సమ్రాట్టు. ఒక చిన్న మండలాధిపతిని చక్రవర్తి అంటే అది పర్యాయపదం కాదు, అతిశయోక్తి అవుతుంది.

మన చరిత్రలో ఈ పదాలకు ఎదురైన ఒక చిక్కు కూడా గమనింపదగినది. 13వ శతాబ్దిలో కాకతీయ రాజ్యాన్ని రుద్రమదేవి పాలించినది. శాసనాలు ఆమెను రుద్రదేవ మహారాజు అని పురుషనామంతో పేర్కొన్నవి. రాణి అనే మాటకు రాజు భార్య అన్న అర్థమే రూఢమై ఉండడం వలన, స్వయంగా సింహాసనం అధిష్ఠించిన స్త్రీకి తగిన మాట భాషలో కరవైనది. ఆమె పాలించగలిగినది, ఆమెను పిలవడానికి మాత్రం భాష సిద్ధంగా లేదు. సమాజం ఊహించని దానికి నిఘంటువులో చోటు దొరకదనడానికి ఇదొక నిదర్శనం.

అచ్చతెలుగులో రాజుకు ఏలిక అని పేరు. 'ఏలు' అనే క్రియలో అధికారం ఉన్నది, ఆదరణ కూడా ఉన్నది. కనుకనే భక్తుడు దేవుణ్ణి ఏలుకొమ్మని వేడుకుంటాడు. 'పాలించు' అనే మాట కూడా ఇటువంటిదే. దానికి మూలమైన సంస్కృత ధాతువుకు రక్షించడమని అర్థం. అధికారం చెలాయించడమనే అర్థం తరువాత వచ్చి చేరినది. నేడు మనకు పాలన అనగానే కార్యాలయాలు, ఉత్తర్వులు గుర్తుకు వస్తాయి; ఆ మాట పుట్టినప్పుడు దాని నిండా ఉన్నది రక్షణమే.

రక్షణ ఊరకే చేసేది కూడా కాదు. ప్రజల నుండి ఆరవ భాగాన్ని భృతిగా గ్రహించి రాజు వారిని రక్షించాలని బౌధాయన ధర్మసూత్రం విధించినది. భృతి అంటే జీతం. ఈ దృష్టితో చూస్తే రాజు ప్రజల సొమ్ముతో జీవించే రక్షకుడు. ఈ భావం గ్రంథాలకే పరిమితం కాలేదనడానికి కాకతీయ గణపతిదేవుడు 1244-45లో వేయించిన మోటుపల్లి అభయశాసనం సాక్ష్యం. తుఫానులకు చిక్కి తీరానికి కొట్టుకువచ్చిన ఓడలలోని సరుకును పూర్వరాజులు బలవంతంగా హరించేవారని, తాను న్యాయమైన సుంకం తప్ప తక్కినదంతా వర్తకులకే విడిచిపెడుతున్నానని అందులో ఆయన ప్రకటించాడు. నృపుడు అనే మాట ఒక రాతిస్తంభం మీద ఆచరణగా మారిన సందర్భమిది.

అయితే పర్యాయపదాలను చూసి రాజులందరూ రక్షకులేనని భ్రమపడరాదు. నిఘంటువులను కూర్చినవారు పండితులు. వారిలో అనేకులు రాజాశ్రయం పొందినవారు. దెబ్బలు తిన్నవారు నిఘంటువులు వ్రాయలేదు. వారు సామెతలు చెప్పారు. రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా అని తెలుగు సామెత. నిఘంటువు రాజు ఎలా ఉండాలో చెప్పగా, సామెత ఎలా ఉన్నాడో చెప్పినది. గౌరవవాచకాలు కూడా అనుభవంలో రూపు మారుతాయి. 'దొర' అంటే ప్రభువు, పెద్దమనిషి అని నిఘంటువుల అర్థం. తెలంగాణ పల్లెలలో గడీల నీడన వెట్టిచాకిరి చేసినవారికి ఆ మాట భయానికి పర్యాయపదమైనది. 1946 నుండి 1951 వరకు సాగిన రైతాంగ సాయుధ పోరాటం ఆ భయాన్ని ఎదిరించినది. ఒక పదానికి నిఘంటువులో ఎన్ని అర్థాలున్నా, దానిని తలవంచుకొని పలికినవారి అనుభవం కూడా ఆ పదానికి అర్థమే.

రాజరికం ముగిసిన తీరు మన పెద్దలు చూసినదే. మద్రాసు రాష్ట్రంలో 1948లో వచ్చిన ఎస్టేట్ల రద్దు చట్టంతో రాజా బిరుదులు ధరించిన జమీందారుల అధికారం ముగిసినది. అదే సంవత్సరం సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసినది. అనంతరం నిజాముకు లభించిన రాజప్రముఖ్ పదవి 1956లో రద్దయినది. 1971లో 26వ రాజ్యాంగ సవరణ పూర్వ సంస్థానాధీశుల గుర్తింపును, వారి రాజభరణాలను తొలగించినది. భూమిని భరించేవాడని పేరు పొందినవాడిని భూమిపుత్రులు భరించవలసి వచ్చిన దశ అంతటితో ముగిసినది.

రాజులు పోయినా వారి మాటలు పోలేదు. అవి కొత్త ఇళ్ళలో కాపురం పెట్టినవి. ప్రభువుకు గల అధికారాన్ని తెలిపిన 'ప్రభుత్వం' నేడు ఎన్నికైన సర్కారును తెలుపుతున్నది. 'రాష్ట్రం' తెలుగులో దేశంలోని ఒక భాగాన్ని సూచిస్తున్నా, 'రాష్ట్రపతి' అన్నచోట దేశమంతా అనే సంస్కృతార్థం నిలిచి ఉన్నది. ప్రాచీన రాజనీతిశాస్త్రంలో రాజ్యాంగాలంటే రాజ్యానికి గల ఏడు అవయవాలు. స్వామి, అమాత్యుడు, జనపదం, దుర్గం, కోశం, దండం, మిత్రుడు అని కౌటిల్యుడు వాటిని లెక్కించాడు. అంటే ఆనాటి లెక్కలోనే రాజు రాజ్యం మొత్తం కాదు, ఏడింటిలో ఒకడు. 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన మన మౌలిక శాసనానికి అదే మాట పేరైనది. ఇక్కడొక హెచ్చరిక. రూపసామ్యాన్ని బట్టి 'రాజీనామా'ను ఈ కుటుంబంలో చేర్చకూడదు. 'రాజీ' అరబ్బీ మూలం నుండి, 'నామా' పారశీకం నుండి వచ్చినవి. రాజుతో వాటికి సంబంధం లేదు.

ఈ మార్పులలో అన్నింటికంటె గొప్పది 'ప్రజ' అనే మాటలో వచ్చినది. సంస్కృతంలో ప్రజ అంటే సంతానం. రాజు తండ్రి, జనులు బిడ్డలు అన్న భావం వలన ఆ మాట జనులకు వర్తించినది. బిడ్డలు తండ్రిని ప్రశ్నించరు. అతని దయ కోసం ఎదురుచూస్తారు. ప్రజాస్వామ్యం అనే సమాసంలో ఆ సంబంధం తలక్రిందులైనది. కౌటిల్యుని ఏడు అంగాలలో మొదటిదైన స్వామి స్థానంలోకి ప్రజలే వచ్చారు. నృపుడు, భూభృత్తు అనే మాటలలోని రక్షణభారం కూడా ఆ స్థానంతోపాటే వారికి సంక్రమించినది.

దీనిని మనం నిజంగా గ్రహించామా అన్నదే నా సందేహం. ఎన్నికలలో గెలిచినవారు ప్రమాణస్వీకారం చేస్తే పట్టాభిషేకం అంటున్నాము. పదవి చేపడితే గద్దెనెక్కారని, సింహాసనం అధిష్ఠించారని వ్రాస్తున్నాము. మంత్రి అంటే ఆలోచన చెప్పేవాడు. రాష్ట్రపతికి, గవర్నరుకు సలహా ఇవ్వడం మంత్రిమండలి పని అని రాజ్యాంగం కూడా చెబుతున్నది. ఆలోచన చెప్పవలసినవారికి మాటలతో కిరీటం పెడితే, కొంతకాలానికి వారు ఆ కిరీటం నిజమేనని నమ్ముతారు. మనమూ నమ్ముతాము. అప్పుడు హక్కుగా అందవలసినది వరంగా కనిపిస్తుంది. ప్రశ్న ధిక్కారంగా వినిపిస్తుంది. ఇవి అలంకారాలే గదా, పత్రికాభాషలో ఆ మాత్రం చమత్కారం ఉండరాదా అని అడిగేవారున్నారు. ఒకనాడు చేస్తే చమత్కారమే. నిత్యం చేస్తే అది అలవాటుగా, అలవాటు ఆలోచనగా మారుతుంది.

61వ రాజ్యాంగ సవరణ వలన 1989 నుండి 18 సంవత్సరాలు నిండినవారందరికీ ఓటు హక్కు లభించినది. ఇంటర్మీడియట్ చదివే విద్యార్థులు ఆ హక్కుకు దాదాపు వాకిట నిలిచినవారు. పరీక్ష కోసం నృపుడు, భూపతి, పార్థివుడు అని చదివేటప్పుడు ఒక్కొక్క మాట దగ్గర క్షణం ఆగి, దీనిలో రక్షణ ఉన్నదా, ఆధిపత్యం ఉన్నదా, భారం ఉన్నదా అని విచారించాలి. అలా చదివినవాడికి పర్యాయపదాలు మరచిపోవడం కష్టం. ఓటు అడగవచ్చినవారిని ఏమని ప్రశ్నించాలో కూడా ఆ పదాలే నేర్పుతాయి. ఆరవ భాగం తీసుకొని రక్షించనివాడిని ఏమనాలో అమరకోశం చెప్పలేదు. ఆ మాటను పలికే అధికారం ఇప్పుడు ప్రజలది.