బొటనవేలు పక్కకు వాలితే

బొటనవేలి మొదట్లో ఎముక ఉబ్బెత్తుగా పొడుచుకు రావడం, వేలు పక్క వేళ్లపైకి వాలిపోవడం కొందరు స్త్రీలలో చూస్తుంటాం. వైద్యులు దీనిని బునియన్ అంటారు. అదనంగా పెరిగిన ఎముకను గీకి తీసివేస్తే సరిపోతుందని చాలామంది భావిస్తారు. నిజానికి అక్కడ ఎముకల వరుసే తప్పుతుంది. వేలి వెనుక ఉన్న పొడవాటి ఎముక ఒకవైపుకు, వేలు మరోవైపుకు జరిగి కీలు ఒరిగిపోతుంది. వంశపారంపర్యంగా వచ్చే ఈ సమస్యను ఇరుకు చెప్పులు, ఎత్తు మడమలు మరింత పెంచుతాయి.

చూపుకు బాగుండదన్న కారణంతో శస్త్రచికిత్స చేయించుకోరాదు. ముందు భాగం వెడల్పుగా ఉండే చెప్పులు, మెత్తని ప్యాడ్లతో చాలామందికి ఉపశమనం కలుగుతుంది. రాత్రిపూట కట్టుకునే పట్టీలు ఎముకను శాశ్వతంగా సరిచేయలేవు. ఇవన్నీ పాటించినా నడక కష్టమై, సజ్దా నుంచి లేచేటప్పుడు వేళ్లపై బరువు మోపలేకపోతే ఎముకల వైద్యుణ్ణి సంప్రదించాలి. కీలు హఠాత్తుగా ఎర్రబడి తీవ్రంగా నొప్పిపెడితే అది గౌట్ కావచ్చు. దాని చికిత్స వేరు.

శస్త్రచికిత్సలో సాధారణంగా ఎముకను కోసి, సరైన వరుసలోకి జరిపి, స్క్రూలతో బిగిస్తారు. ఆ తరువాత సుమారు ఆరు వారాలు గట్టి అడుగు ఉన్న ప్రత్యేక చెప్పుతోనే నడవాలి. వాపు పూర్తిగా తగ్గడానికి నెలలు పడుతుంది. కీలు బిగుసుకుపోవడం, వేలు తిరిగి వాలడం కూడా కొందరిలో జరుగుతుంది. మధుమేహం ఉన్నవారు చక్కెరను అదుపులోకి తెచ్చుకొని, పాదానికి రక్తప్రసరణ ఎలా ఉందో ముందే పరీక్ష చేయించుకోవాలి.

గోదావరి డెల్టాలో వరినాట్లు వేసే సోదరీమణులు మరొక విషయం ఆలోచించాలి. మానని గాయానికి బురద తగలరాదు. అత్యవసరం కాని చికిత్స కనుక సార్వా నాట్లకు చాలా ముందే, దాళ్వా కోతలు ముగిశాక చేయించుకోవడం మేలు.

కట్టు ఉన్నంతకాలం ఆరాధన ఆగదు. వుజూలో కట్టుపై తడి చేత్తో మసహ్ చేసే సౌలభ్యం షరీఅత్‌లో ఉంది. నిలబడలేనివారు కూర్చొని నమాజు చేయవచ్చునని ప్రవక్త (స) బోధించారు.

అయితే అనేక ఇళ్లలో తల్లి తన నొప్పిని దాచుకునేది కత్తికి భయపడి కాదు, ఆ ఆరు వారాలు పొయ్యి దగ్గర ఎవరు నిలబడతారన్న దిగులుతో. దైవప్రవక్త (స) ఇంటి పనులలో కుటుంబానికి సాయపడేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. చికిత్సకు తేదీ నిర్ణయించే ముందే భర్త, పిల్లలు ఆ పనులను పంచుకోవాలి. విశ్రాంతి లభించని పాదానికి ఎంత మంచి శస్త్రచికిత్స జరిగినా ఫలితం దక్కదు.