మగాడు ఏడిస్తే కొంప మునుగుతుందా?

"మగాడివై ఉండి ఏడుస్తావేంట్రా?" ఈ మాట అననివాళ్ళు మనలో ఎంతమందండీ? చిన్నప్పుడు మోకాలు చెక్కుకుపోయి వచ్చిన మా వాణ్ణి నేనూ అన్నాను. వాడు ఏడుపు మింగేస్తే, బంగారుకొండ అని మురిసిపోయాను కూడా.

నిరుడు మావారు నెలల తరబడి నిద్రపోకుండా వరండాలో కూర్చునేవారు. అడిగితే "గ్యాసే" అనేవారు. నాకు అనుమానం లేకపోలేదు. అయినా వాము నీళ్ళు కాచి ఇచ్చి, పక్కింటావిడకీ గ్యాసనే చెప్పాను. ఓ రాత్రి "బతకాలని లేదే" అన్నారు. మర్నాడే మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళాం. ఇప్పుడు నిద్ర పడుతోంది.

2022లో మన దేశంలో ఆత్మహత్య చేసుకున్న 1,70,924 మందిలో నూటికి డెబ్బైమందికి పైగా మగవాళ్ళే. మనకి కష్టాలు తక్కువని కాదు సుమండీ! మనకి పిట్టగోడ దగ్గర చెప్పుకునే నోరుంది. వాళ్ళ నోరు చిన్నప్పుడే మనం కుట్టేస్తున్నాం.

కురుక్షేత్రంలో అర్జునుడు నోరెండిపోతోందనీ, ఒళ్ళు వణుకుతోందనీ రెండు సేనల మధ్యే చెప్పుకున్నాడు. కృష్ణుడూ మొదట మనలాగే గదమాయించాడనుకోండి. కానీ రథం దిగి పోలేదుగా!

టెలిమానస్ 14416కి రాత్రయినా పగలయినా ఫోను చేయొచ్చు. పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరు వంటింటి క్యాలెండరు మీద, పాల లెక్క పక్కనే రాశాను. "ఎవరైనా చూస్తే?" అన్నారు మా అత్తగారు.

చూడనివ్వండి అన్నాను.