జవాను వెనుక నడచు కాగితము

1984 ఏప్రిల్ 13వ తేదీన ఆపరేషన్ మేఘదూత్ పేర సియాచిన్ హిమానీనదము నధిరోహించిన మన సేన నాలుగు దశాబ్దములు గడచినను నేటికిని అచ్చటనే కావలి కాయుచున్నది. ఆ మంచు శిఖరములపై జవాను నిలుచుటకు హెలికాప్టర్లు, కిరసనాయిలు, ఉన్ని దుస్తులు ఎంత యవసరమో లోకమునకు తెలియును. కాని యింటికి జీతము చేరినదో లేదో, పుట్టిన బిడ్డ పేరు లెక్కల కెక్కినదో లేదో, పొలము గట్టు తగవులో తన పరోక్షమున తీర్పు వెలువడినదేమో యను నాందోళనను వాని మనస్సునుండి తొలగించుటకు పటాలపు కార్యాలయమున గుమాస్తా పడు శ్రమ యెవరి దృష్టికిని రాదు. ఆ శ్రమయు దేశరక్షణలో భాగమే యని నా దృఢమైన యభిప్రాయము.

దీనికంతకును మూలాధారము సైన్యమువారు పార్ట్ టూ ఆర్డరని పిలుచు ఉత్తరువు. జవాను పెండ్లి, బిడ్డ పుట్టుక, సెలవుపై పోయి తిరిగి చేరుట, ఆసుపత్రి పాలగుట, నామినీని మార్చుట మున్నగు ప్రతి యంశమును దళము ఈ యుత్తరువు ద్వారా ప్రకటించి, రికార్డు ఆఫీసునకును జీతముల లెక్కలు చూచు కార్యాలయమునకును పంపవలయును. మద్రాసు రెజిమెంటు రికార్డులు నీలగిరులలోని వెల్లింగ్టనున నుండగా, సైన్యపు యంత్రముల మరమ్మతు చూచు ఇ.ఎం.ఇ. విభాగము వారివి మన సికిందరాబాదులోనే యున్నవి. ఉత్తరువు వెలువడనంతవరకు, ఊరెల్ల అక్షతలు వేసిన పెండ్లియైనను సైన్యపు పుస్తకములలో జరుగని పెండ్లియే. యుద్ధమున భర్త మరణించినచో భార్యకు అతని కడపటి జీతమునకు సమానమైన కుటుంబ పింఛను లభింపవలసియుండగా, పేరు నమోదు కానిచో, కన్నీరారక మునుపే ఆమె తాను భార్యనని నిరూపించుకొనుటకు కార్యాలయముల చుట్టు తిరుగవలసి వచ్చును. తెలుగు కుటుంబములకు మరియొక చిక్కు కలదు. మన యింటిపేరు ముందుండును, తరచు పొడి యక్షరముగా కుదింపబడును, పెండ్లితో ఆడువారికి మారును. సర్వీసు పుస్తకమున ఒక తీరునను, ఆధారు కార్డున వేరొక తీరునను ఉన్న పేరు ఒక్కరిదే యని ఉత్తరాది గుమాస్తాకు నచ్చజెప్పుట సులభము కాదు.

ఇంటికిని పటాలమునకును నడుమ వారధి సైనిక తపాలా. 1856లో పారశీక దండయాత్ర కాలముననే భారతీయ సేన వెంట తపాలా కార్యాలయములు కదలినవి. 1972 మార్చి 1న ఈ శాఖ ప్రత్యేకమైన సైనిక విభాగముగా (కోర్) ఏర్పడినది. 56 ఎ.పి.ఓ. (ఆర్మీ పోస్టాఫీసు), 99 ఎ.పి.ఓ. అను చిరునామాలలో ఊరి పేరుండదు. కుమారు డెక్కడ నున్నాడో తెలియకయే తల్లి వ్రాసిన జాబు అతనిని చేరుచుండెడిది. నేడు జాబుల స్థానమును సెల్‌ఫోను ఆక్రమించినది. దానితో కష్టము తీరినదనుకొనుట పొరపాటు. ఇంటి తగవు ఆ సాయంత్రమే చెవిని పడును. పరిష్కారము మాత్రము మునుపటి నత్తనడకనే నడచును. వినుటయే గాని చేయగలది లేని ఆ రాత్రులు జవానును లోలోపల తినివేయును.

ఆ తగవు కోర్టు కెక్కినచో జవానును కాపాడు చట్టము లేకపోలేదు. యుద్ధ పరిస్థితులలో గాని ప్రత్యేక పరిస్థితులలో గాని పనిచేయు సైనికుని దావాను, తగిన యధికారి ధ్రువపత్రముపై వాయిదా వేయవలయునని 1925 నాటి భారత సైనికుల వ్యాజ్యముల చట్టము న్యాయస్థానముల నాదేశించుచున్నది. ఆ సేవాకాలమును కాలపరిమితి లెక్కనుండి మినహాయించుచున్నది. అంతకంటె విశేషమేమన, తన జిల్లా సైనికుడు తన తరఫున ఎవరును లేక దావాలో చిక్కుకొనెనని తెలిసినచో, ఆ సంగతిని కోర్టునకు తెలియజేయు నధికారమును కలెక్టరునకే ఒసగినది. శతాబ్ది నాటి ఈ రక్షణను మన పల్లెలలో ఎందరెరుగుదురు? ప్రతి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయపు గోడపైనను దీని సారాంశమును తెలుగున వ్రాయింపవలయును.

పటాలపు కాగితముల బాధ్యత తుదకు దాని అధిపతిదే. 2020 జూన్ 15 రాత్రి గాల్వాన్ లోయలో ప్రాణము లర్పించిన సూర్యాపేట వాస్తవ్యులు కర్నల్ సంతోష్ బాబు 16వ బిహారు పటాలమునకు అధిపతి. శత్రువునకు ఎదురు నిలుచు అట్టి అధిపతి సంతకముననే జవానుల సెలవులును, ధ్రువపత్రములును సాగును. పటాలము సరిహద్దునకు కదలునపుడు కుటుంబముల వసతి, బిడ్డల చదువు, వైద్యము చూచుటకు రియర్ పార్టీ యను చిన్న బృందమును వెనుక నిలుపుదురు. సైన్యము తన వంతు చేయుచునే యున్నది; లోపము ఊరివైపున నున్నది. జవానునకు ఏటా 60 దినముల వార్షిక సెలవును, 30 దినముల క్యాజువల్ సెలవును కలవు. రానుపోను ప్రయాణము పోగా మిగిలిన ఆ కొలది దినములలో కొన్ని పట్టాదారు పాసుపుస్తకము కొరకు మండల కార్యాలయపు వరండాలో వ్యయమగుట తలచినపుడు నా మనస్సు క్షోభించును. సైనికుని యర్జీపై అతని సెలవు ముగియు తేదీని వ్రాయించి, ఆ తేదీలోపల ఔనో కాదో తేల్చి చెప్పు నియమమును ఉభయ తెలుగు రాష్ట్రములును చేయవలయును.