కాలిన రీలుకు లెక్క ఉంది, ఆమెకు లేదా?

"సినిమాలల్ల చేసే ఆమెను జైల్ల ఎందుకేసిన్రు మేడం?" ఇస్నాపూర్‌లో ఫ్యాక్టరీ పనికి వెళ్లే స్త్రీలతో ఎమర్జెన్సీ గురించి మాట్లాడుతుంటే ఒకామె నన్నడిగింది.

అప్పట్లో హాల్లో ఆటకు ముందు ఫిలిమ్స్ డివిజన్ రీలు తప్పనిసరి. అందులో ఇరవై సూత్రాల పథకం కనిపించేది; బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు కనిపించేవి కావు. 1975లో 'ఆంధీ'ని ఆపారు. 'కిస్సా కుర్సీ కా' రీళ్లను కాల్చేశారు. నియంతృత్వమూ సినిమా అనగానే మన మేధావులు ఈ జాబితానే వల్లిస్తారు.

స్నేహలతా రెడ్డి ఏ జాబితాలో ఉంది? తెలుగు కవి పఠాభి తీసిన కన్నడ 'సంస్కార' (1970)లో చంద్రి ఆమే. బ్రాహ్మణాధిపత్యాన్ని ప్రశ్నించిందని మద్రాసు సెన్సారు అడ్డుకున్న ఆ చిత్రమే జాతీయ ఉత్తమ చిత్రమైంది. ఎమర్జెన్సీని వ్యతిరేకించిన స్నేహలతను 1976 మేలో అరెస్టు చేశారు. ఉబ్బసంతోనే బెంగళూరు జైల్లో ఎనిమిది నెలలు గడిపింది. అక్కడ కూడా సాటి ఖైదీ స్త్రీలను కొట్టడాన్ని ఎదిరించింది. నేరమేదీ రుజువు కాలేదు. 1977 జనవరిలో పెరోల్ ఇచ్చిన కొద్దిరోజులకే చనిపోయింది.

రీలు కాలిస్తే కళపై దాడి; నటి ఊపిరి తీస్తే పఠాభి గారి ఇంటి విషాదమా? సెన్సారు కత్తెర ఆడవాళ్ల దేహాల మీద కూడా నడుస్తుంది. ఆ లెక్క మనమే రాయాలి.