ఎగరడం గాలిలో నేర్చే విద్య కాదు

మా మనవరాలికి పదహారేళ్ళు. బాస్కెట్‌బాల్ ఆడుతుంది. మొన్న సెలవులకు వచ్చినప్పుడు గోడ పట్టుకొని మెట్లు దిగడం చూసి, ఏమిటమ్మా అని అడిగాను. "ఎత్తు ఎగరలేకపోతున్నానని మా సార్ రోజూ రెండు వందలసార్లు గెంతిస్తున్నారు తాతయ్యా, సిమెంటు నేల మీద" అన్నది. బరువులతో సాధన చేస్తానంటే మాత్రం ఆయనే "ఎదుగుదల ఆగిపోతుంది, పైగా ఆడపిల్లవి" అన్నారట. ఇంట్లో పెద్దలందరం ఔనని తలలూపాము. నా వంతు తలూపుడుకు ప్రాయశ్చిత్తం ఈ టపా.

నేను వ్యాయామోపాధ్యాయుణ్ణి కాను; జీవితమంతా తెలుగు చెప్పుకొని బ్రతికినవాణ్ణి. అయినా సందేహం కలిగితే చదవడం మా వృత్తిధర్మం కనుక చదివాను. చదివిన కొద్దీ సిగ్గు కలిగింది.

1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామోపాధ్యాయుడు పీచ్ పండ్ల బుట్టలను 10 అడుగుల ఎత్తున కట్టించి ఈ ఆటను సృష్టించాడు. ఆ ఎత్తు నేటికీ మారలేదు. బుట్ట దిగిరాదు, మనిషే లేవాలి. ఎంత లేస్తాడన్నది పాదం నేలను విడిచే క్షణంలోనే తేలిపోతుంది. సెకనుకు 2.5 మీటర్ల వేగంతో లేచిన దేహం సుమారు 32 సెంటీమీటర్లు పైకి పోతుంది. 3 మీటర్ల వేగమైతే సుమారు 46. ఆ వేగం నేలను ఎంత బలంగా, ఎంత త్వరగా తన్నామన్న దానినుండి పుడుతుంది. గాలిలోకి లేచాక మరికొంత పైకి పోవడం ఎవరి తరమూ కాదు.

ఈ సంగతి మన పండితులకు కొత్త కాకూడదు. సుందరకాండలో హనుమంతుడు లంఘించడానికి ముందు మహేంద్రగిరిని చేతులతో, పాదాలతో అదిమిపెడతాడు. ఆ ఒత్తిడికి కొండ కంపిస్తుంది, చెట్లు పూలు రాలుస్తాయి. ఎగరడం కంటే ముందు అదమడాన్ని వర్ణించాడు వాల్మీకి. మనం ఏళ్ళ తరబడి పాఠం చెప్పాము గాని అర్థం పట్టించుకోలేదు.

కనుక బలం ముందు, గెంతు తరువాత. మొదట ఒట్టి దేహంతో బస్కీలు. నడుము వంగకుండా, మడమలు లేవకుండా చేయడం వచ్చాక భుజాల మీద కొద్దికొద్దిగా బరువు. నేల మీది బరువును తీరుగా ఎత్తడం. వారానికి రెండు మూడు రోజులు చాలు, మధ్యలో విశ్రాంతి తప్పదు. గెంతులు మానమని కాదు. అలసట లేనప్పుడు, కొద్దిసార్లు, పూర్తి శక్తితో గెంతాలి. ఎత్తునుండి దూకి వెంటనే పైకి ఎగిరే సాధనను 1960లలో ప్రచారంలోకి తెచ్చిన సోవియట్ ఆచార్యుడు వెర్ఖొషాన్‌స్కీ కూడా దానికి బలమనే పునాది కావాలన్నాడు. మనవాళ్ళు పునాది వదిలి గోపురం కడుతున్నారు.

ఇక ఎదుగుదల మాట. సరైన పర్యవేక్షణలో, క్రమపద్ధతిలో చేసే బలసాధన పిల్లల ఎదుగుదలను ఆపదని అమెరికా శిశువైద్యుల అకాడమీ 2020 నాటి నివేదికలో స్పష్టంగా చెప్పింది. అది ఆడపిల్లలకూ వర్తిస్తుంది. అసలు వింత మరొకటి. ఎగిరి దిగిన ప్రతిసారీ కాళ్ళ మీద దేహపు బరువుకు కొన్ని రెట్ల భారం పడుతుంది. బరువు వద్దన్న పెద్దమనిషే ఆ భారాన్ని పిల్ల చేత రోజుకు రెండు వందలసార్లు మోయిస్తున్నాడు! మోకాలి చిప్ప కింది స్నాయువు అరిగి బాధపెట్టే జబ్బుకు వైద్యులు 'జంపర్స్ నీ' అని పేరే పెట్టారు.

చివరగా నా నేరం. పద్యం అప్పజెప్పనివాడి చేత గుంజీళ్ళు తీయించాను, ఎన్ని వందలమంది చేతనో. కోడి రామ్మూర్తిని కన్న నేల మీద, కాళ్ళకు బలమిచ్చే సాధనను అవమానంగా మార్చిన పాపంలో నాకూ వాటా ఉంది. ఆ పిల్లలే నేడు తల్లిదండ్రులై, బలసాధన అంటే శిక్ష అనుకుంటున్నారు.

వైద్యునికి చూపించాము. గెంతులు ఆగాయి. ఆయన అనుమతితో మనవరాలు మా పెరట్లో నెమ్మదిగా బస్కీలు మొదలుపెట్టింది, నేను లెక్కపెడుతున్నాను. చెవులు మాత్రం పట్టుకోనివ్వడం లేదు.

వ్యాయామోపాధ్యాయులెవరైనా చదివితే వాదానికి రండి. నేను చెప్పినది తప్పయితే దిద్దుకుంటాను. ఒప్పయితే మీరు దిద్దుకోండి.