మూలలో దూరినవాణ్ణి బతకనివ్వండి
గో ఆట బల్ల మీద మూల నుంచి నాలుగో గీతల కూడలిలో నల్లరాయి పెట్టగానే ఆ మూల రిజిస్ట్రేషన్ అయిపోయిందనుకుంటాం. ఎదుటివాడు చల్లగా మూడు-మూడులో, అంటే మూడో గీతల కూడలిలో, తెల్లరాయి దూరుస్తాడు. ఒళ్లు మండి చంపబోతాం. నా లెక్కన ఆట పోయేది అక్కడే. ఆ మూల మనదెప్పుడయింది గనక? నాలుగో గీత మీది రాయి బయటికి చూస్తూ నిలబడేది, మూలకు తాళం కాదు. చుట్టుపక్కల మన బలగం లేకపోతే దూరినవాడు రెండు కళ్లు, అంటే మనం పూడ్చలేని రెండు ఖాళీలు, చేసుకుని మామూలుగా బతికేస్తాడు. మనం తేల్చుకోవాల్సింది ఒక్కటే, ఏ వైపు అడ్డుకోవాలని. మన రాళ్లు దూరంగా కాచుకుని ఉన్న వైపు అడ్డుకుంటే, వాడికి చిన్న గది, మనకు పెద్ద గోడ. ఆ గోడకు భయపడే ఒకప్పుడు ఇంత తొందరగా దూరొద్దనేవారు. 2017 తర్వాత ఆల్ఫాగో అనే కంప్యూటర్ ప్రోగ్రామును చూసి ప్రొఫెషనల్సే ఆట మొదట్లోనే దూరుతున్నారు. అంటే గోడను చూసి మనం మురిసిందీ ఎక్కువే. ఇంత తెలిసీ నేను మొన్న కోపంలో తప్పు వైపు అడ్డుకున్నాను. గోడ లేచింది, బోసి మైదానానికి ఎదురుగా.