చిట్టా పుస్తకమునకు బదులు యంత్రము వచ్చినప్పుడు

మన స్త్రీల పొదుపు సంఘములలో నిప్పుడొక మార్పు జరుగుచున్నది. రేకు పెట్టెలో భద్రపరచుకొనుచు వచ్చిన చిట్టాలు, ఆవర్జాలు క్రమముగా మూలబడి, వాని స్థానమున కంప్యూటరును చేతిఫోనును వచ్చి చేరుచున్నవి. మన సోదరీమణులలో ననేకుల యిండ్ల డబ్బు ఈ సంఘములలో నున్నది గనుక నీ నెల దీనినిగూర్చి ముచ్చటింప దలచితిమి.

ఈ సంఘముల చరిత్ర మిక్కిలి ప్రాచీనమైనది గాదు. 1992లో నాబార్డువారు 500 సంఘములను బ్యాంకులతో ముడిపెట్టు ప్రయత్నమును దేశమున నారంభించిరి. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము వలన స్త్రీలు తమ సంఘములను తామే నడుపుకొను వీలు హెచ్చెను. 2011లో స్త్రీనిధి యేర్పడి, ఫోను ద్వారా అప్పు కోరు పద్ధతి వచ్చెను. 2015లో నాబార్డువారే ఝార్ఖండులోని రామ్‌గఢ్, మహారాష్ట్రలోని ధూలే జిల్లాలలో సంఘముల లెక్కలను కంప్యూటరు కెక్కించు 'ఈ-శక్తి' పథకమును మొదలిడిరి. కావున యంత్రము వచ్చునా రాదా యను చర్చ మన కనవసరము. వచ్చిన దినమున ఏమి జరుగునన్నదే మనము తెలిసికొనవలసినది.

మేము తరచుగా పోవుచుండు సంఘమొకటి కలదు. పేరు చెప్పము. అందలి సభ్యురాండ్రు కొంతకాలము క్రిందట ఒక సాఫ్టువేరును కొనిరి. అమ్మవచ్చిన యతడు పదే పదే 'పోర్ట్‌ఫోలియో' యని పలుకుచుండగా, ఒక ముసలమ్మ అది తినునదా కట్టుకొనునదా యని యడిగెను. సంఘము ఇచ్చిన అప్పులన్నిటిని కలిపి యొక్క మూటగా జూచుటయే దాని యర్థము. ఎవరి ఖాతా వారిదిగా పుటలు త్రిప్పుచు బోయిన కనబడని సంగతులు మూటను విప్పి పరచినప్పుడు కనబడును. కొనుడని ప్రోత్సహించిన వారిలో మేమును ఉంటిమి. ధర విచారించితిమి, శిక్షణ యెన్ని దినములని యడిగితిమి, కరెంటు పోయిన నేమగునని కూడ అడిగితిమి. పదునేడేండ్లుగా లెక్కలు వ్రాయుచున్న యామెను మాత్రము ఎవ్వరమును ఏమియు నడుగలేదు.

మొదటి నెల సమావేశము వచ్చెను. లెక్కలు వ్రాయు నామె తన పుస్తకమును బట్టి బకాయి నూటికి 4 అని చదివెను. యంత్రము నూటికి 14 అని చూపెను. గది యంతయు గొల్లుమనెను. అధ్యక్షురాలు చిన్నది, తొందరపాటు మనిషి, "అక్కా, ఇన్నేళ్లూ మాకు చెప్పిన లెక్క ఇదేనా?" అని అందరియెదుట ననెను. ఆమె మారు పలుకక, పెట్టె తాళములు చాపమీద నుంచి యింటికి బోయెను.

నిజమునకు ఇద్దరి లెక్కయు సరియైనదే. ఎట్లనగా: ఆ సంఘమునకు రావలసిన అసలు మొత్తము 5,00,000 రూపాయలు. పదిమంది తలకొక 12,000 చొప్పున అప్పు తీసికొని, నెలకు 1,000 చొప్పున పండ్రెండు వాయిదాలలో తీర్చుటకు ఒప్పుకొనిరి. ఐదు వాయిదాలు కట్టి, ఆరవదియు ఏడవదియు తప్పిరి. గడువు దాటిన సొమ్ము ఒక్కొక్కరికి 2,000, పదిమందికి 20,000. అది నూటికి 4. చిట్టా చెప్పునది ఇదియే. యంత్రములోని సూత్రము వేరు. వాయిదా తప్పి 30 దినములు దాటెనా, ఆ మనిషి ఇంకను ఇయ్యవలసిన 7,000 అంతయు అపాయములో నున్నట్లే అది ఎంచును. పది ఏడులు డెబ్బది వేలు. అది నూటికి 14. చిన్న అప్పులిచ్చు సంస్థలు లోకమంతట వాడుకొను కొలత యిదియే. రెండు నెలలు కట్టలేనివారు మూడవ నెలయు కట్టలేకపోవచ్చును గదా! ఒక్క మెతుకు పట్టి చూచి అన్నము సంగతి చెప్పుట వంటిది.

ఈ నాలుగు మాటలు యంత్రమును తెరువక మునుపే సమావేశములో చెప్పియుండిన ఆ దినమున అంత రభస జరిగియుండదు. బకాయి యన నేమి, ఎన్ని దినములు దాటిన లెక్కకు వచ్చును, ఈ రెండును ముందుగా తీర్మానముల పుస్తకములో వ్రాసికొనవలెను. క్రొత్త కొలతతో వచ్చిన మొదటి అంకెను ఎవరి తప్పుగాను చూపరాదు. ఆ నియమమును కూడ వ్రాసికొనుట మంచిది, ఏలయన నోటిమాట ఆవేశములో నిలువదు.

తరువాత రెండు సమావేశములకు సగము మంది రాలేదు. అప్పుడు మేమును, అధ్యక్షురాలును కలిసి ఆమె యింటికి బోయితిమి. ఆ చిన్నది క్షమాపణ చెప్పుకొనెను, మేమును చెప్పుకొంటిమి. కాఫీలైన తరువాత ఆమె ఆ పదిమందిని గూర్చి చెప్పనారంభించెను. అందులో నలుగురు మిరప పండించువారట. కోత అయి సరకు అమ్ముడైనగాని వారి చేతికి డబ్బు రాదు. వారికి నెలవాయిదా పెట్టుటయే తప్పట. ఇంకొకతె సమావేశము నాటి యుదయమున పొరుగింట అప్పు తెచ్చి కట్టి, మరునాడు వేరొకచోట తెచ్చి దానిని తీర్చుచుండెడిదట. చిట్టాలో ఆమె వంటి నిక్కచ్చి మనిషి లేదు! ఇది ఏ యంత్రమునకు తెలియును? మేము పారవేయబోయినది పుస్తకములను మాత్రమే కాదు.

ఆ నలుగురి వాయిదాలు కోత కాలమునకు మార్చబడినవి. అట్లు మార్చిన అప్పులను మాత్రము వేరుగా నొక పట్టీలో చూపవలెనని ఆమెయే పట్టుబట్టెను. లేకున్న, చెడిన అప్పుల కన్నిటికి గడువు పెంచి, అంతయు బాగున్నదని మురియవచ్చునట. తప్పు పడిన పద్దును చెరుపరాదనియు, ఎదురు పద్దు వేసి కారణము వ్రాయవలెననియు ఆమె చెప్పెను. చిట్టాలో గీత కొట్టివేసిన కనబడును, తెరమీద చెరిపిన కనబడదుగదా!

ఇక రెండు లెక్కలను కొన్నాళ్లు జతగా నడుపు విషయము. ఇది అవసరమే. ప్రతి సభ్యురాలును తన పాసుపుస్తకమును తెచ్చి, తెరమీది నిలువతో సరిచూచి, సరియని చెప్పినగాని పాత పుస్తకమును మూయరాదు. అయితే దానికొక తుదిదినము ముందే నిర్ణయింపవలెను. లేనియెడల ఒకే పని రెండుమార్లు చేయుచు, లెక్కలు వ్రాయునామె ప్రాణము విసిగి, చివరకు రెంటిలో నేదియు పూర్తిగా వ్రాయదు. ఈ సంఘమువారు మూడు నెలలు పెట్టుకొనిరి.

మరియొక సంగతి మాకు ముందుగా తోచనే లేదు. అప్పు తీసికొన్నను, కట్టినను యంత్రము ఫోనుకు మెసేజి పంపును. సభ్యురాండ్రలో ననేకులు సంఘమునకిచ్చిన నంబరు భర్తది గాని కొడుకుది గాని. కూతురి ఫీజు కొరకు గుట్టుగా దాచుకొన్న పొదుపు సంగతి ఒకామె యింట నిట్లే బయటపడి, పెద్ద గొడవ జరిగెను. కావున నంబర్లను ఎక్కించుటకు ముందు ఒక్కొక్కరిని ప్రక్కకు పిలిచి, ఇది ఎవరి ఫోను, మెసేజి పంపవచ్చునా యని యడుగవలెను. వలదన్నవారికి చేతికి రసీదు ఇచ్చిన చాలును. పాసుపుస్తకము మాత్రము ఎవరిది వారి చేతిలోనే యుండవలెను.

మూడవ నెల తుదిని ఆమె పాత ఆవర్జా కడపటి పుటలో ఎర్రసిరాతో అడ్డగీత గీసి, తారీఖు వేసి, సంతకము చేసెను. అధ్యక్షురాలు దానిక్రింద సంతకము చేసెను. పుస్తకములన్నియు పెట్టెలో సర్దిరి. తాళములు ఆమె యొద్దనే యున్నవి.